అటు నేల లేదు

దారి తప్పిన మనిషి గుమ్మం ముందు నిలబడితే మంచినీళ్లిచ్చి, ఏ ఊరు బాబూ అని అడుగుతాం. దారి తప్పిన పిట్ట వచ్చి వాలితే మాత్రం బైనాక్యులర్లు మెళ్లో తగిలించుకుని పరుగెత్తుకెళ్లి పండగ చేసుకుంటాం. ఈ మాట హైమవతి ఆ తర్వాత చాలామంది మొహం మీదే అనేసింది. కానీ ఆ రోజు, గోదావరి పాయ సముద్రంలో కలిసే ఉప్పుతిప్ప మొగ దగ్గర, ఇసుకదిబ్బ మీద మోకాళ్ల మీద కూర్చుని టెలిస్కోపుకి కన్ను ఆనించినప్పుడు, ఆవిడ కూడా అందరిలాగే ఎగిరి గంతేసినంత పని చేసింది.

టెలిస్కోపులో కనబడుతున్నది బ్రిసిల్ థైడ్ కర్లూ. పొడవాటి వంకర ముక్కు, మట్టిరంగు ఒళ్లు. అలాస్కాలో పుట్టి, పసిఫిక్ నడిమధ్య దీవుల్లో చలికాలం గడిపే పిట్ట. దాన్ని గోదావరి మొగలో చూసిన మొనగాడు అంతకు ముందు లేడు. హైమవతి భర్త సోమసుందరం కాకినాడ కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్తాడు, పక్షి పరిశీలకుల సంఘానికి అధ్యక్షుడు, యాభైకి దగ్గర పడుతున్న పెద్దమనిషి. అలాంటివాడు ఆ పిట్టని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. జన్మ ధన్యమైపోయింది హైమా అంటూ ఇసకలోనే చతికిలబడ్డాడు. ఆవిడ నవ్వి, పైటచెంగుతో ఆయన కళ్లద్దాలు తుడిచి ఇచ్చింది.

ఆ చలికాలమంతా అంతే. వారానికో వింత. ఎక్కడో ఆస్ట్రేలియా ఒడ్డున ఉండాల్సినవీ, జపాను మీదుగా పోవాల్సినవీ, నడిసముద్రం వదిలి నేల మొహం చూడనివీ ఒక్కొక్కటే వచ్చి ఉప్పుతిప్ప దిబ్బ మీద వాలాయి. వార్త పాకింది. హైదరాబాదు నించీ బెంగుళూరు నించీ ఫిరంగుల్లాంటి కెమెరాలేసుకుని జనం దిగారు. వాళ్లని దిబ్బకి చేరవేసే కొప్పాడి ఏసురాజు పడవకి కొత్త ఇంజను బిగించాడు. ఒడ్డున బజ్జీల బండి పెట్టిన అతని భార్య రెండో పొయ్యి వెలిగించింది. సోమసుందరాన్ని టీవీవాళ్లు మాట్లాడించారు. ఇన్ని పిట్టలు ఈ మొగకే ఎందుకొస్తున్నాయని వాళ్లడిగితే, ఇక్కడి బురదలో అంత సారం ఉందండీ అని ఆయన నవ్వుతూ చెప్పాడు.

ఎందుకొస్తున్నాయో ఆలోచించాల్సిన మనిషి ఆ టీవీ ఎదురుగానే కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

హైమవతి తీర పరిశోధనాలయంలో భౌతికశాస్త్రవేత్త. కొన్నేళ్ల కిందట సముద్రంలో గాలిమరలు పాతినప్పుడు, వాటి రెక్కల కింద పడి సముద్రపు పిట్టలైన టెర్న్‌లు ముక్కలై ఒడ్డుకి కొట్టుకొచ్చేవి. సోమసుందరం వాటిని ఏరి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, అన్నం మానేసి కూర్చునేవాడు. ఆ కూర్చున్న మనిషిని చూడలేక ఆవిడ పనిలోకి దిగింది. పిట్ట కంట్లో ఒక పదార్థం ఉంటుంది, దానివల్ల భూమి అయస్కాంతపు తీరు దానికి వెలుగునీడల్లా కనిపిస్తుందని శాస్త్రవేత్తల ఊహ. ఆ వెలుగునీడల్ని కాస్త చెరిపితే?

పరిశోధనాలయం వెనక కిటికీల్లేని గదిలో గుండ్రటి పంజరం పెట్టింది. అడుగున సిరా అద్దిన స్పాంజి, చుట్టూ తెల్లకాగితం. వలస వేళకి పిట్ట ఏ దిక్కుకి పోవాలనుకుంటే ఆ దిక్కుకే ఎగిరెగిరి పడుతుంది, దాని కాళ్ల సిరా కాగితానికి అంటుకుంటుంది. మొదటి పిట్ట గుర్తులన్నీ ఈశాన్యం మూలకే పడ్డాయి. ఆవిడ పక్కగదిలో కూర్చుని, వినబడని రేడియో తరంగాన్ని సన్నగా వదిలి, మీట ఒక్క వీసం తిప్పింది. కాగితం మార్చి చూస్తే గుర్తులు పక్కకి జరిగాయి. ఇంకాస్త తిప్పింది, ఇంకాస్త జరిగాయి. ఎద్దుకి ముకుతాడు వేసినట్టు, చూపించిన వైపుకల్లా పిట్ట మొగ్గుతోంది. హైమవతి ఆ సంతోషంలో చెప్పులు కూడా వేసుకోకుండా డైరెక్టరు గదిలోకి పరుగెత్తింది.

అలా పుట్టింది, ఆ తరంగాన్నే సముద్రం మీదికి వదిలే మళ్లింపు స్తంభం. మొగ పక్కన ఒడ్డు మీద నిలబెట్టారు. ఊళ్లోవాళ్లు పిట్టల కంబం అన్నారు. దాని పక్కకి రాగానే పిట్టలకి దారి కాస్త వంగినట్టనిపించి, మరల్ని చుట్టి పోయేవి. ఆ ఏడు ఒక్క టెర్న్ కూడా చావలేదు. ఆవిడకి శాలువా కప్పారు. సోమసుందరం పొంగిపోయి వీధిలో వాళ్లందరికీ కాజాలు పంచిపెట్టాడు. తర్వాత కొత్తవరస మరలొచ్చాయి. కంబం శక్తి పెంచొచ్చా అని డైరెక్టరు దీక్షితులు అడిగాడు. ఏం పరవాలేదు సార్, పెంచొచ్చు అని చెప్పింది హైమవతే, ఇడ్లీ తింటూ చెప్పింది. ఈ చలికాలానికి ముందే పెంచారు. ఇంకెవర్నీ అనడానికి వీల్లేదు.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకి ఆ కర్లూ చచ్చిపోయింది.

దిబ్బ చివర అలలు తోసుకొచ్చిన నాచులో పడి ఉంటే ఆవిడే తీసింది. చేతిలో బరువు లేదు. రొమ్ము ఎముక చర్మంలోంచి పొడుచుకొచ్చి కత్తి అంచులా తగిలింది. మొగ నిండా పీతలు కుప్పలు పడి ఉండగా ఈ పిట్టకి తిండి లేకపోవడమేమిటి? అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. పొద్దు వాలే వేళకి ఆ కర్లూ రోజూ లేచేది, సముద్రం మీదికి పోయి, గింగిరాలు తిరిగి, కంబం వైపు చూస్తూ మళ్లీ దిబ్బ మీద పడేది. రోజూ అదే పని. ఆ గింగిరాల్ని జనం వీడియోలు తీసి ఆహా ఏం విన్యాసం అన్నారు. సోమసుందరం దాని మీద ఇంగ్లిషులో వ్యాసం కూడా రాశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, కళ్లెదుటే జరిగింది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు తన మీదే.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందా అని అనుమానం. అనుమానం చాలదు కదా, తేల్చాలి. అప్పటికి మొగలో గ్రేట్ నాట్‌లు వేలల్లో ఉన్నాయి. బూడిదరంగు ఒళ్లు, పావురమంత కూడా ఉండవు. చలికాలమంతా ఇక్కడి బురద తిని ఒళ్లు చేసి, ఏప్రిల్‌లో సైబీరియాకి లేచిపోతాయి. కాళ్లకి రింగులు తొడగడానికి సోమసుందరం బృందం వలేసి పట్టినప్పుడు, ఆవిడ కొన్నింటిని అడిగి తీసుకుంది. పాత పంజరాన్ని కాకినాడలో తమ డాబా మీద, ఆరబెట్టిన వడియాల పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున కాగితం విప్పి చూసింది. గుర్తులన్నీ దక్షిణం వైపు. ఇంకో పిట్టని పెట్టింది, దక్షిణమే. పట్టిన ప్రతి పిట్టా, యముడు పిలిచినట్టు అటే.

కంబం ప్రభావం సముద్రం మీద ఎంత దూరం పోయినా, నేల మీద కాకినాడ దాకా రాదు. అందుకని వాటిని అక్కడే ఉంచి, రోజూ సాయంత్రం ఆకాశం కనబడేలా పెట్టి, పీతలూ నత్తలూ మేపింది. పొద్దు వాలే చోటు చూసుకుని పిట్టలు తమ దిక్సూచిని సరిచేసుకుంటాయని ఆవిడకి తెలుసు. రెండు వారాలు పట్టింది. తర్వాత గుర్తులు మెల్లగా ఈశాన్యం మూలకి వచ్చి నిలబడ్డాయి. ఇక అర్థం కానిదేమీ లేదు, చలికాలమంతా కంబం పక్కన ఉండి పిట్టల తల్లో దిక్కే తిరగబడింది. కంబం ఆపాలి, అవి బయల్దేరే ముందు రెండు వారాలైనా ఆపి ఉంచాలి. లేకపోతే ఆ వేలన్నీ శ్రీలంక పక్కనించి జారిపోయి నడిసముద్రం మీదికి పోతాయి. అక్కణ్ణించి మంచుఖండం దాకా వాలడానికి అరచేతంత చోటు లేదు.

దీక్షితులు మర్యాదస్తుడు. అంతా విన్నాడు, కాగితాలు తిప్పి చూశాడు, కాఫీ తెప్పించాడు. కంబం ఆపితే మరల కింద టెర్న్‌లు చస్తాయి, దానికి జవాబు ఎవరు చెప్తారు అన్నాడు. ఆ రెండు వారాలూ మరల్ని కూడా ఆపండి అంది ఆవిడ. ఆయన చిన్నగా నవ్వాడు. పైగా ఏప్రిల్ మొదట్లో రెక్కల పండుగ పెట్టుకున్నారని, మంత్రిగారొస్తున్నారని, ఆ వింత పిట్టల్ని చూపిస్తామని మాటిచ్చారని, ఇప్పుడు కంబం ఆపితే ఆ వింతలు రావడం మానేస్తే నవ్వులపాలవుతామని చెప్పాడు. పండుగ అయ్యాక చూద్దాం హైమగారూ అన్నాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. ఆవిడ కాఫీ ముట్టుకోకుండా వచ్చేసింది.

దీక్షితులు సంగతి సరే. ఇంటికొచ్చి మొగుడికి చెప్తే చాలనుకుంది. ఈ మనిషి చచ్చిన టెర్న్‌లని ఒళ్లో పెట్టుకుని ఏడ్చినవాడు. దిబ్బ మీద పిట్టలకి వంద అడుగుల దగ్గరకి ఎవడైనా వెళ్తే కర్ర పుచ్చుకుని తరిమినవాడు. పళ్లెంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. సోమసుందరం ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. ముద్ద పళ్లెంలో వదిలేసి అడిగాడు.

"అంటే ఈ చలికాలం నేను చూసినవన్నీ నీ మిషను దారి తప్పించినవేనా? నా కర్లూతో సహా?"

"మీ కర్లూ కాదండీ. అలాస్కాది. దాన్ని మనం చంపాం."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. వాదించాడు. ఒక్క పంజరంతో తేలే విషయమా అన్నాడు. తుపాను గాలులకి కూడా పిట్టలు దారి తప్పుతాయి కదా అన్నాడు. చివరికి గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. ఇరవై ఏళ్లుగా జనం తనని పిట్టల పిచ్చోడన్నారు, ఇప్పుడిప్పుడే మాస్టారూ అని వెతుక్కుంటూ వస్తున్నారు, పండుగ ఆదివారంతో అయిపోతుంది, సోమవారం తనే స్వయంగా దీక్షితులు కాళ్లు పట్టుకుని ఆపిస్తాడు. అంతదాకా ఆగమన్నాడు. అప్పటికి పండుగ ఇంకా మూడు వారాలుంది.

కంబం గది తాళంచెవి ఒకటి హైమవతి దగ్గరే ఉంది. ఆ రాత్రే వెళ్లి ఆపేసి ఉండొచ్చు. ఉద్యోగం పోయేది, పోలీసులొచ్చేవాళ్లు, అంతకంటే ఇంకేం కాదు. కానీ సోమసుందరం మొహం చూసి ఆగిపోయింది. ఈలోగా పై అధికారులకి చెప్పి చూస్తానని, పిట్టలు కాస్త ఆలస్యంగానే బయల్దేరతాయిలే అని తనకి తనే నచ్చజెప్పుకుంది. పై అధికారులు దీక్షితులుతో మాట్లాడుకోమన్నారు. సంఘంలో పిల్లలకి చెప్పబోతే, మేడమ్‌కి సార్‌కి పేరు రావడం ఇష్టం లేదేమో అని వెనకాల నవ్వుకున్నారు. ఏసురాజు మాత్రం మొహం మీదే అడిగాడు.

"కంబం ఆపిత్తారంట కదమ్మా? ఈ ఏడే పిట్టల పున్నెమా అని నాలుగు మెతుకులు నోట్లోకెల్తన్నాయి. మా మీదేంటమ్మా మీకు కచ్చ?"

 ఆవిడకి అతని మీదా కోపమొచ్చింది, కోపం రావడం అన్యాయమని తెలిసీ వచ్చింది.

పండుగ శనివారం సాయంత్రం మొదలైంది. ఒడ్డున షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద పెద్ద తెర. సోమసుందరం టెలిస్కోపుకి కెమెరా తగిలించి దిబ్బ మీది పిట్టల్ని ఆ తెర మీద చూపిస్తున్నాడు. కొత్త జుబ్బా వేసుకున్నాడు. మంత్రిగారు ముందు వరసలో కొబ్బరిబొండం తాగుతున్నారు. హైమవతి వెనక వరసలో, షామియానా గుంజని ఆనుకుని నిలబడింది. నాట్‌ల ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చేశాయి, పొట్టలు నిండుగా వేలాడుతున్నాయి. వారం రోజులుగా అవి తిండి తగ్గించి, సాయంత్రం కాగానే గుంపుగా లేచి చక్కర్లు కొట్టి దిగుతున్నాయి. బయల్దేరే ముందు అలాగే చేస్తాయి. 

పొద్దు గుంకుతుండగా దిబ్బ మీద ఒక్కసారిగా అరుపులు మొదలయ్యాయి. ముందు ఓ వంద లేచాయి. వెనకాలే వందలు, తర్వాత దిబ్బే లేచిందా అన్నట్టు వేలు. షామియానా మీదుగా ఒక చుట్టు తిరిగాయి. జనం కుర్చీలెక్కి, పిల్లల్ని భుజాలకెత్తుకుని చూశారు. మంత్రిగారు బొండం కింద పెట్టి నిలబడ్డారు. సోమసుందరం గొంతు మైకులో మోగింది. అద్భుతమండీ, మన కళ్లెదుటే బయల్దేరుతున్నాయి, సైబీరియాకి వీడ్కోలు చెప్దాం, అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి అన్నాడు. చప్పట్లు మోగాయి.

గుంపు వరసలు కట్టింది. పైకి, ఇంకా పైకి లేచి, ఒక పక్కకి ఒరిగి తిన్నగా సాగింది. హైమవతికి చూడక్కర్లేకపోయింది. చూసింది. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు పోవాల్సిన పిట్టలు కుడిచేతి వైపు పోతున్నాయి.

దిక్కులు ఎవరికి కావాలి? జనానికి పిట్టలు ఎగురుతున్నాయి, అంతే. ఆ మూడు నాలుగు వందల మందిలో ఆ తేడా తెలిసినవాడు వేదిక మీద ఒక్కడే ఉన్నాడు. ఆవిడ ఆయన్నే చూస్తోంది. సోమసుందరం టెలిస్కోపు తిప్పుతూ గుంపు వెంట పోయాడు, కొంత దూరం పోయాక ఆగాడు. కన్ను తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పొద్దు గుంకిన చోటు చూశాడు. మళ్లీ పిట్టల్ని చూశాడు. టెలిస్కోపు వదిలేసి మైకు దగ్గరకి లాక్కున్నాడు. చప్పట్లు సాగుతూనే ఉన్నాయి.

"ఆపండి" అన్నాడు చివరికి. "చప్పట్లు ఆపండి. అటు నేల లేదండి. అవి చచ్చిపోతాయి."

చప్పట్లు కాస్త సన్నగిల్లాయి. జనం మొహమొహాలు చూసుకున్నారు. దీక్షితులు గబగబా వేదికెక్కి ఆయన చేతిలో మైకు మృదువుగా అందుకున్నాడు. మాస్టారు కన్నబిడ్డల్ని సాగనంపుతున్నట్టు బాధపడుతున్నారని, ఇంతటి పక్షిప్రేమికుడు మన జిల్లాలో ఉండటం మన అదృష్టమని, ఆయనకోసం ఇంకోసారి గట్టిగా కొట్టమని అన్నాడు. ఈసారి ముందుకంటే గట్టిగా కొట్టారు. మంత్రిగారు కూడా కొట్టారు. ఎవరో సినిమా పాట పెట్టారు.

హైమవతి కంబం గదికి నడిచింది. కాపలావాడు మేడమ్ అని లేచి నిలబడ్డాడు, అడ్డు రాలేదు. తాళం తీసి, మీట కిందికి లాగి, అది చాలక లోపలి తీగలు చేతికందినవి అందినట్టు పీకి పారేసింది. వేలు తెగింది. కంబం ఎప్పుడూ చప్పుడు చేసేది కాదు, ఆగినప్పుడు కూడా చెయ్యలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంత తేలికైన పని మూడు వారాలు చెయ్యనందుకు తనని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

బయటికొచ్చేసరికి సోమసుందరం ఎదురొచ్చాడు. కొత్త జుబ్బా చెమటకి ఒంటికతుక్కుపోయింది. ఆపేశావా అని అడిగాడు. ఆపేశానంది. వెనక్కొస్తాయా అని అడిగాడు, పాఠం రాని కుర్రాడిలా. రావంది. ఆయన అక్కడే ఇసకలో కూలబడబోతే ఆవిడ మోచెయ్యి పట్టి లేపింది. జాలితో కాదు.

"ఏడవడానికి ఇంటికెళ్లాక బోలెడు టైముంది. దిబ్బ మీద ఇంకా కొన్ని ఉన్నాయి. వలలు తియ్యండి."

నిజమే, అన్నీ వెళ్లలేదు. ఒళ్లు చెయ్యనివీ ఆలస్యమైనవీ ఓ రెండొందలు మిగిలాయి. కంబం ఆగినా వాటి తల్లో దిక్కు ఇప్పట్లో మారదు. రేపో ఎల్లుండో అవీ అటే లేస్తాయి. పట్టి ఆకాశం కింద రెండు వారాలు ఆపగలిగితే దారి మళ్లుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. ఆవిడకీ తెలుసు.

పడవ కావాలి. ఏసురాజు ఇంజను మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కంబం ఆపింది నేనే, తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు, ముందు దిబ్బకి పోనియ్ అంది హైమవతి. అతను తిట్టలేదు. మైకులో మేస్టారి మాట విన్నానన్నాడు.

"అటు నేల్లేదు, నిజవేనమ్మా. తుపానులో మా తమ్ముడి పడవ అటే కొట్టుకుపోయింది" అని, తాడు విప్పాడు.

దిబ్బ మీద వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది. ఒడ్డు మీద పాట మారింది, ఈలలు వినబడుతున్నాయి. ముగ్గురూ కలిసి వలలు పాతారు. పిట్టల దగ్గరకి ఎవర్నీ పోనివ్వని సోమసుందరం తనే వాటిని వలవైపు అదిలించాడు. మొదటి విడతలో పన్నెండు పడ్డాయి. చేపల గంపల్లో గుడ్డ పరిచి ఒక్కొక్కటే పెడుతున్నారు. ఈలోగా కెమెరాలున్న ఇద్దరు కుర్రాళ్లు తెప్ప మీద దగ్గరకొచ్చి, సార్ ఒక్కటి చేతిలో పట్టుకుని ఇటు చూడండి అని కేకేశారు. హైమవతి తడి ఇసక పిడికిలితో తీసి విసిరింది. వాళ్లు నోరు మూసుకుని తెప్ప తిప్పేశారు.

సోమసుందరం వలలోంచి ఇంకో నాట్‌ని విడిపించి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.  కళ్లద్దాల కిందినించి నీళ్లు కారుతుంటే తుడుచుకునే వీలు లేదు. తప్పయిపోయింది హైమా అన్నాడు, నన్ను క్షమించు అన్నాడు. ఆవిడ ఆయన మొహం చూడలేదు, ఆయన చేతుల్ని చూసింది. పిట్ట మెడ చాచి, గుండె గూడు పగిలేలా కొట్టుకుంటూ, ఆయన వేళ్ల సందుల్లోంచి సముద్రం వైపుకి దూరిపోవాలని పెనుగులాడుతోంది.

"గట్టిగా పట్టుకోండి" అంది హైమవతి. "అది ఇంకా అటే లాగుతోంది."